బుధవారం దగ్గు

భావన కొడుక్కి గిమ్నాజియుమ్ వచ్చేట్టుందని తెలిసిన రోజు నేను పప్పు మాడ్చాను. ఆ మాడిన పప్పే విక్రాంత్‌కి వడ్డించాను. అతను నోరెత్తకుండా తిన్నాడు. పన్నెండేళ్ల కాపురంలో నా మొహం చూసి ఎప్పుడు ఏది అడగకూడదో బాగా నేర్చుకున్నాడు మా ఆయన.

గిమ్నాజియుమ్ అంటే కసరత్తులు చేసే చోటనుకునేరు. ఇక్కడ జర్మనీలో నాలుగో తరగతి అయిపోగానే పిల్లల్ని వడపోస్తారు. బాగా చదివేవాళ్ళు గిమ్నాజియుమ్‌కి, అక్కణ్ణించి నేరుగా యూనివర్సిటీకి. నడిమిరకం వాళ్ళు రెయాల్‌షూలెకి. పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడని పిల్లల తలరాత ఒక కాగితం మీద రాసి మేనెల మొదట్లో చేతిలో పెడతారు. ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీ కోసం వచ్చిన మన తెలుగువాళ్ళ ఇళ్ళలో నాలుగో తరగతి పిల్ల ఉందంటే ఆ ఏడు పండగలుండవు, సినిమాలుండవు.

మార్కులు కూడా ఇక్కడ తలకిందులు. ఒకటి వస్తే గొప్ప, ఆరు వస్తే సున్నా. జర్మన్, లెక్కలు, మన సైన్సూ సోషలూ కలిపినట్టుండే పాఠం ఒకటి. ఈ మూడింటి సగటు రెండు పాయింట్ మూడు మూడు దాటకూడదు. దాటితే రెయాల్‌షూలె. జనవరిలో ముందస్తుగా ఒక కాగితం ఇస్తారు, మీ పిల్ల ఇప్పటికి ఎక్కడుందో చూసుకోండని. మా ఈషాకి లెక్కల్లో ఒకటి, జర్మన్‌లో మూడు, సైన్సు-సోషల్‌లో నాలుగు. సగటు రెండు పాయింట్ ఆరు ఆరు. అదే క్లాసులో ఉన్న నా స్నేహితురాలు భావన కొడుకు కౌశల్‌కి రెండు, రెండు, మూడు. సరిగ్గా గీత మీద.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట అన్యాయమనుకుంటారు. కౌశల్‌కి లెక్కల్లో ఆ రెండు తెచ్చిపెట్టింది నా కూతురు. భావనకి బుధవారాలు ఆఫీసులో మీటింగులు, ఆరింటిదాకా రాదు. అందుకని రెండేళ్లుగా ప్రతి బుధవారం బడి వదలగానే కౌశల్ మా ఇంటికొచ్చేవాడు. నేను నిమ్మకాయ పులిహోర కలిపి పెట్టేదాన్ని. తిన్నాక ఇద్దరూ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. భాగాహారంలో శేషం ఎక్కడ రాయాలో వాడికి ఎంతకీ అర్థమయ్యేది కాదు. ఈషా కందిపప్పు గింజలు కుప్పలు పోసి చూపించేది. విసుక్కోకుండా చెప్పేది. నాకు లేని ఓపిక దానికెక్కడిదో తెలియదు.

అలాంటిది, నేర్చుకున్నవాడు గీత లోపల, నేర్పింది గీత బయట. భావన ఫోన్ చేసి, "గండం గడిచింది మంగా, ఈషాకి ఎంతొచ్చింది?" అని అడిగితే, ఇంకా కాగితం చూళ్ళేదని చెప్పాను. కాగితం నా ఎదురుగానే ఉంది. ఎంత సంతోషంగా ఉందో అని గొంతు తియ్యగా పెట్టి ఫోన్ పెట్టేశాను. తర్వాత పప్పు సంగతి మీకు తెలిసిందే.

తర్వాతి బుధవారం పొద్దున్నే భావనకి మెసేజ్ పెట్టాను. ఈషాకి దగ్గు, కౌశల్‌కి అంటుకుంటుందేమో, ఈ వారం వద్దులే అని. ఈషా దగ్గలేదు, తుమ్మలేదు. ఆ మధ్యాహ్నం పులిహోర చేయలేదు. ఈషా రెండు కుర్చీలు చూసి, కౌశల్ ఏడని అడిగింది. వాళ్ళమ్మ హోర్ట్‌లో వేసిందన్నాను. హోర్ట్ అంటే బడి తర్వాత పిల్లల్ని అట్టిపెట్టే చోటు. అక్కడ బొమ్మలుంటాయి, బంతులుంటాయి, భాగాహారం చెప్పేవాళ్ళుండరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆ పై వారం నుంచి ఈషాని కీబోర్డ్ క్లాసులో చేర్చాను. బుధవారమే ఖాళీ ఉందట అని భావనకి చెప్పాను. మంగళవారం కూడా ఉండింది. భావన సరేలే అంది, ఇంకేమీ అడగలేదు.

ఫిబ్రవరిలో టీచర్ దగ్గర టెర్మిన్ దొరికింది, అంటే వెళ్ళి కలవడానికి టైము. విక్రాంత్ ఊళ్ళో లేడు, ఒక్కదాన్నే వెళ్ళాను. ఫ్రౌ హుబర్, అంటే హుబర్ మేడమ్, చెడ్డమనిషి కాదు. మనిషి నెమ్మది, గొంతు నెమ్మది, కాఫీ కూడా ఇచ్చింది. ఈషా చక్కని పిల్ల, చాలా బుద్ధిమంతురాలు అంది. కానీ చెయ్యెత్తదు, అడిగితే తప్ప మాట్లాడదు, సైన్సు-సోషల్‌లో నోటిమాటకే సగం మార్కులు అంది. ఇంట్లో జర్మన్ మాట్లాడరు కాబట్టి గిమ్నాజియుమ్ ఆ పిల్లకి బరువవుతుంది అంది. లెక్కల్లో ఒకటొచ్చింది కదా అని నేను గొణిగితే నవ్వి, లెక్కలు మీవాళ్ళ రక్తంలోనే ఉంటాయి కదా అంది. నా కూతురు కూర్చుని సాధించిన ఒకే ఒక్క ఒకటి కూడా దాని లెక్కలోకి రాలేదు. భారతీయ తల్లిదండ్రులు పిల్లల్ని చాలా తోస్తారని, ఈషాని కాస్త పిల్లలా ఉండనివ్వమని కూడా చెప్పింది.

అప్పుడు నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. తల ఊపాను. "మీరెలా చెప్తే అలాగే. మీకు తెలియనిదా," అన్నాను, నా అరకొర జర్మన్‌లో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. మా నాన్న జనార్దనరావు పరకాలలో హెడ్మాస్టరు. ముప్ఫై ఏళ్ళు ఆయన ముందు తల్లిదండ్రులు అలాగే నిలబడి, అదే మాట అన్నారు. ఆ మాట అన్నవాళ్ళ పిల్లల్ని నాన్న ఇంకాస్త శ్రద్ధగా చూసేవాడు. అది మర్యాద. పిల్లని నీ చేతుల్లో పెట్టాను, నువ్వే గట్టెక్కించు అని దానర్థం. ఫ్రౌ హుబర్‌కి ఆ అర్థం ఎక్కడ తెలుస్తుంది? ఆవిడ ముందున్న కాగితం మీద 'తల్లి రెయాల్‌షూలెకి సమ్మతించారు' అని రాసి, సంతకం చెయ్యమని నా వైపు తిప్పింది. చేశాను. కాఫీకి థాంక్స్ కూడా చెప్పాను.

బయటికొచ్చి సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడితే ఒకావిడ పలకరించింది. కాత్రిన్, తల్లిదండ్రుల కమిటీకి పెద్ద. ఈషా అమ్మవి నువ్వేనా, భావన నీ గురించి ఎప్పుడూ చెప్తుంది, నవంబర్‌లో నువ్వూ వస్తావనుకున్నానే అంది. ఎక్కడికి అని అడిగాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. నవంబర్‌లో భావనకీ ఫ్రౌ హుబర్ ఇదే పాట పాడిందట. ఇంట్లో జర్మన్ లేదు, బరువవుతుంది, రెయాల్‌షూలె మంచిది. భావన ఊరుకోలేదు. కాత్రిన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. అవే మార్కులొచ్చిన యోనాస్ అనే జర్మన్ పిల్లాడి తల్లితో ఫ్రౌ హుబరే, మగపిల్లలు ఆలస్యంగా విచ్చుకుంటారు, ధైర్యంగా పంపండి అన్న మాట కాత్రిన్ గుర్తు చేసిందట. ఆ రోజు నుంచి ఫ్రౌ హుబర్ కౌశల్‌ని ఎక్కువగా లేపడం, ఎక్కువగా మాట్లాడించడం మొదలుపెట్టింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదంటారా? ఫ్రౌ హుబర్ మీద కాదు, నా సంతకం మీదా కాదు. భావన మీద. దారి తెలిసి తనొక్కతే నడిచి వెళ్ళిపోయింది కదా అని. ఆమె జర్మన్ గలగలా పారుతుంది, ఆమెకి కాత్రిన్‌లు దొరుకుతారు, ఆమె టీచర్ ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చోగలదు. తెనాలి నుంచి నాకన్నా రెండేళ్ళు వెనకొచ్చింది. అన్నీ ఆమెకే ఎలా అమరుతాయి?

సాయంత్రం సూపర్‌మార్కెట్ పార్కింగులో పట్టుకున్నాను. ఆమె చేతిలో పాలడబ్బాలున్నాయి.

"నాకెందుకు చెప్పలే భావనా? నీ కొడుకు గట్టెక్కితే చాలా? నా బిడ్డ ఏమైతేంది నీకు?"

భావన పాలడబ్బాలు కారు మీద పెట్టింది.

"చెప్పాను మంగా. నవంబర్‌లో మీ ఇంట్లో, పులిహోర తింటూ చెప్పాను. ఇద్దరం కలిసి వెళ్దాం, కాత్రిన్ కూడా వస్తానంది అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా? మా పిల్లకి సిఫారసులు అక్కర్లేదు, అది మెరిట్ అన్నావు."

గుర్తుంది. అప్పుడే గుర్తొచ్చింది, దాంతోపాటు అన్నప్పటి నా మొహం కూడా గుర్తొచ్చింది. చూడు పాపం, దీని కొడుకు సొంతంగా ఎక్కలేక ఇంకోళ్ళ భుజం పట్టుకుంటున్నాడు అనుకుంటూ, ఆమె పళ్ళెంలో ఇంకో గరిటెడు వేశాను. గురివింద గింజ తన నలుపెరగదని మా అమ్మ ఊరికే అనలేదు.

సంతకం సంగతి చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. భావన, అడగందే అమ్మైనా పెట్టదు, ఈవిడ పెడుతుందా అని తిట్టింది. మార్చిలో ఇంకో టెర్మిన్ తీసుకుంటాను, నేను పక్కన కూర్చుంటాను, కానీ మాట్లాడాల్సింది నువ్వే అంది. ఆ క్షణంలో నాకు కృతజ్ఞత రావాలి. వచ్చింది కూడా. కానీ దాని పక్కనే, ఆమె టెర్మిన్ అడిగితే వారంలో దొరుకుతుంది, నేనడిగితే నెల పట్టింది అన్న కుళ్ళు కూడా వచ్చింది. బుధవారాల మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది.

మార్చిలో వెళ్ళాం. ఈసారి ఫ్రౌ హుబర్ ఎదురుగా ఇద్దరం. నేను రాసుకెళ్ళిన వాక్యాలు మొదటి నిమిషంలోనే మర్చిపోయాను. అప్పుడు నాకొచ్చిన జర్మన్‌లోనే నిజం చెప్పాను. నా కూతురు మాట్లాడకపోవడానికి కారణం నేనని చెప్పాను. బడికి పంపిన మొదటి రోజే, టీచర్ అడిగితేనే నోరు తెరువు, పెద్దవాళ్ళ కళ్ళలోకి గుచ్చి చూడకు అని చెప్పి పంపానని, మా నాన్న మాకలాగే నేర్పాడని, మా ఊళ్ళో అది మంచి విద్యార్థి గుర్తని చెప్పాను. నేను సంతకం పెట్టింది సమ్మతించి కాదని, టీచర్‌కి ఎదురు చెప్పడం నాకు చేతకాదని చెప్పాను.

అప్పుడు భావన అంది, "నా కొడుక్కి లెక్కల్లో రెండొచ్చిందంటే అది ఈషా చెప్పిన చదువే. ఒక పిల్ల ఇంకో పిల్లాడికి రెండేళ్ళు పాఠం చెప్పింది, జర్మన్‌లోనే చెప్పింది. ఆ పిల్లకి మాట రాదని మీరెలా అంటారు?"

నేను భావన వైపు చూడలేకపోయాను. కొడుకు మార్కు వాడిది కాదని టీచర్ ముందు ఏ తల్లి చెప్పుకుంటుంది? నేనైతే చచ్చినా చెప్పను. అదీగాక ఆ పాఠాలు ఆగి ఆరు వారాలైందని ఆ గదిలో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

ఫ్రౌ హుబర్ పెన్ను పక్కన పెట్టింది. ఆ విషయం తనకి తెలియదంది. రక్తం మాట మళ్ళీ ఎత్తలేదు. ఏప్రిల్‌లో ఈషాకి ఒక రెఫరాట్ ఇస్తానంది, అంటే క్లాసు ముందు నిలబడి పది నిమిషాలు ఒక విషయం చెప్పాలి. చెప్పగలిగితే నాలుగు మూడవుతుంది. ఆ ఒక్క అంకె మారితే గీత లోపలికి రావొచ్చు.

విషయం, మన కుళాయిలోకి నీళ్ళెలా వస్తాయి అని. మూడు వారాలు మా ఇంట్లో నీళ్ళ గొడవే. ఈషా మొదట గోడకి చెప్పింది. తర్వాత వాళ్ళ నాన్నకి. నాకు చెప్పమంటే నేల చూపులు చూసింది. నా కళ్ళలోకి చూడు అన్నాను. చూడకూడదన్నావుగా అంది. ఇప్పుడు చూడమంటున్నా అన్నాను. అది చూసింది. నేనే ముందు కళ్ళు తిప్పుకున్నాను.

రెఫరాట్ బాగా చెప్పిందట. ఫ్రౌ హుబర్ ప్రశ్నలడిగితే మూడింటికి జవాబు చెప్పి, నాలుగోదానికి, నాకు తెలియదు, కనుక్కుని రేపు చెప్తాను అందట. క్లాసంతా చప్పట్లు కొట్టారట, అందరికంటే ముందు మొదలుపెట్టింది కౌశల్ అట.

మే మొదటి సోమవారం కాగితం వచ్చింది. ఒకటి, మూడు, మూడు. రెండు పాయింట్ మూడు మూడు. ఈషా ఆ కాగితం బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను విక్రాంత్‌కి ఫోన్ చేశాను, పరకాలకి ఫోన్ చేశాను, నాన్న ఫోన్లోనే ఏడ్చాడు. సేమ్యా పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టాను. ఇదంతా అయ్యాకే పిల్ల ఇంకా మాట్లాడలేదని గమనించాను. అది తన కుర్చీలో కూర్చుని పక్కనున్న ఖాళీ కుర్చీని చూస్తోంది.

కౌశల్ సైకిళ్ళ దగ్గర ఏడ్చాడని చెప్పింది. వాడికి లెక్కల్లో మూడొచ్చిందట. మార్చిలో, ఏప్రిల్‌లో రెండు పరీక్షలు పోయాయట, రెండూ భాగాహారమే. మిగతావి మారలేదు. రెండు పాయింట్ ఆరు ఆరు.

ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. దాచుకోను, కలిగింది. జనవరి నుంచి కడుపులో పేరుకుపోయిందంతా ఒక్కసారి చల్లబడ్డట్టయింది. నా పిల్ల లోపల, ఆమె పిల్లాడు బయట. తర్వాత ఈషా మొహం చూశాను.

"మామా, మిట్‌వోహ్ ఎందుకు ఆపేశావ్? నాకు హుస్టెన్ లేదు కదా," అంది.

మామా అంటే అమ్మ, మిట్‌వోహ్ అంటే బుధవారం, హుస్టెన్ అంటే దగ్గు. ఈ పిల్లకి ఆ మెసేజ్ సంగతి ఎలా తెలుసు? కీబోర్డ్ మాట వాళ్ళమ్మ వాడికి చెప్పలేదేమో, కౌశల్ అడిగాడట, దగ్గు తగ్గిందా, బుధవారం రావచ్చా అని. ప్రతి వారం అడిగాడట. నేనేదో కారణం ఉండి చెప్పి ఉంటాననుకుని, ఇది ఇంకా తగ్గలేదని చెప్పిందట. నా అబద్ధాన్ని మూడు నెలలు మోసింది నా కూతురు. పెద్దవాళ్ళకి ఎదురు మాట్లాడకూడదని నేర్పింది నేనే కదా, బాగానే నేర్చుకుంది. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

పొయ్యి ఆర్పి, ఇద్దరం బయల్దేరాం. ఈషా కందిపప్పు ఒక డబ్బాలో పోసుకుంది. భావన ఇల్లు రెండు బస్‌స్టాపుల దూరం, మూడో అంతస్తు. బెల్లు కొట్టాక పారిపోదామనిపించింది. తలుపు తీసిన భావన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి, ఈషాకి వచ్చిందటగా, కౌశల్ చెప్పాడు, చాలా సంతోషం అంది. జనవరిలో నేనన్న మాటే ఇది. కానీ ఆమె గొంతులో చక్కెర లేదు, నిజంగానే అంది. అది ఇంకా కష్టంగా తగిలింది.

"దగ్గు లేకుండె భావనా," అన్నాను. "ఈషాకి ఏ దగ్గూ లేకుండె. నీ కొడుక్కి మంచిగొచ్చిందని ఓర్వలేక అబద్ధం చెప్పిన. కీబోర్డ్ కూడా కావాల్నని బుధవారమే పెట్టిన."

"తెలుసు. దగ్గన్న మర్నాడే దాన్ని స్విమ్మింగ్‌కి తీసుకొచ్చావు. గంటసేపు నీళ్ళలో ఉంది, ఒక్కసారి కూడా దగ్గలేదు."

"అంతా తెలిసి, నాతోని టీచర్ దగ్గరికి ఎందుకొచ్చినవ్?"

"నువ్వు చేసిన పనికి అదేం చేసింది మంగా, పసిపిల్ల," అంది భావన.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్లకి నా దగ్గర జవాబులుంటాయి. ఆమె నా పక్కనుంచి చెయ్యి చాపి ఈషాని లోపలికి తీసుకుంది. ఇంకో పది రోజుల్లో మూడు రోజుల పరీక్ష ఒకటుంది, గీత బయట మిగిలిన పిల్లలకి అదే చివరి అవకాశం. అప్పటిదాకా రోజూ దీన్ని పంపు, ఆరింటికి వచ్చి తీసుకెళ్ళు అంది. నన్ను లోపలికి రమ్మనలేదు. తలుపు మెల్లగానే వేసింది.

నేను వెళ్ళిపోలేదు. మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి తలుపు అవతల కందిపప్పు గింజలు బల్ల మీద పోసిన చప్పుడైంది. తర్వాత ఈషా గొంతు. గట్టిగా, ధీమాగా, గడగడా జర్మన్‌లో చెప్పుకుపోతోంది, మధ్యలో కౌశల్‌ని గదమాయిస్తోంది కూడా. మా ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. మధ్యలో భావన ఏదో అంది, ఈషా పకపకా నవ్వింది. నా కూతురు అలా నవ్వేది ఆ ఇంట్లోనా అని మళ్ళీ కడుపు మండింది.

ఆరింటిదాకా అక్కడే కూర్చున్నాను.